బొగ్గు రాయిలో ప్లాస్టిక్ ఉందన్నారు: నా పీహెచ్‌డీ శాంపిళ్ళ అనుభవం

నిన్న సాయంత్రం డాక్టోరల్ కమిటీ నా రిపోర్టుకు సరేనంది. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నాను. మన వరంగల్ వైపు నుంచి జియోకెమిస్ట్రీలోకి (రాళ్ళ రసాయన శాస్త్రంలోకి) వచ్చే పిల్లలకు ఈ సంగతులు ముందుగా చెప్పేవాళ్ళు లేరు.

నా పని గోదావరి లోయలోని గోండ్వానా రాళ్ళ మీద. భూపాలపల్లి వైపు భూమి కింద ఉన్న పెర్మియన్ కాలపు బొగ్గు, నల్ల షేల్ (బురద గట్టిపడి అయిన పలకల రాయి). ఇవి ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పైబడిన రాళ్ళు. వీటిని బొగ్గుగానే చూస్తారు కానీ, ఇదే పొరల వరుస ఆగ్నేయంగా సాగి కృష్ణా-గోదావరి బేసిన్ అడుగుకు పోతుంది. మండపేట గ్యాస్‌కు మూలం అక్కడి పెర్మియన్ బొగ్గు పొరలూ షేలేనని పెట్రోలియం జియాలజిస్టులు రాశారు. అంటే మన దగ్గర తక్కువ లోతులో దొరికే రాయిని చదివితే అక్కడ కిలోమీటర్ల లోతున ఏం జరిగిందో కొంత తెలుస్తుంది. నాకు ఈ పని అంటే ప్రాణం.

రిజిస్ట్రేషన్, ఫీజు, కోర్సు వర్క్ పరీక్ష ఇబ్బంది లేకుండా అయిపోయాయి. బోరు రాళ్ళకు అనుమతి లెటర్ కూడా మా గైడ్ సార్ పుణ్యమా అని త్వరగానే వచ్చింది.

అసలు కథ కోర్ (బోరు వేసి తీసిన రాతి కడ్డీలు) దాచే గోదాములో మొదలైంది. అది బోర్లు వేసే ఒక కాంట్రాక్టు సంస్థది, పేరు చెప్పను. నూనె, సేంద్రియ పదార్థాల పరీక్షకు పోయే రాయిని ప్లాస్టిక్‌కు తగలనివ్వకూడదు. అందుకని అల్యూమినియం ఫాయిల్‌ను మా ల్యాబ్ ఫర్నేస్‌లో 450 డిగ్రీల వేడిలో నాలుగు గంటలు కాల్చి, దాని మీద ఉన్న నూనె జిడ్డంతా పోగొట్టి తీసుకుపోయాను. పెట్టెలోంచి ఒక్కో ముక్క తీసి, చేతికి తగలకుండా చుట్టి పక్కన పెట్టుకున్నాను. స్టోర్‌కీపర్ వచ్చి చూసి నవ్వాడు. "గివి రొట్టెలా మేడం, గట్ల చుట్టుకపోతున్నరు? గేటు కాడ లోపల ఏముందో కనపడాలె. మా కవర్ల ఏస్కుంటే తీస్కపోండ్రి, లేకుంటే పెట్టెల పెట్టిపోండ్రి" అన్నాడు. నేను లెటర్ చూపించాను, కారణం చెప్పాను. వినలేదు. నేను చుట్టిన ఫాయిలన్నీ తనే విప్పి, మెత్తటి పారదర్శక కవర్లలో వేసి, రాయి మీదే మార్కర్ పెన్నుతో నంబర్లు రాశాడు. అదే రోజు ఆ మాటంతా తారీఖుతో సహా ఫీల్డ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. చివరికి నన్ను కాపాడింది ఆ పేజీయే.

ల్యాబ్‌లో రాయిని పొడి చేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో డైక్లోరోమీథేన్, మిథనాల్ కలిపి రెండు మూడు రోజులు మరిగిస్తే రాయిలోని తారు లాంటి అంశం బయటికి వస్తుంది. దాన్ని జీసీ-ఎంఎస్‌లో, అంటే అణువులను విడదీసి వాటి మాస్ (బరువు) చూపే యంత్రంలో పెట్టాము. పాత మొక్కల పదార్థం నుంచి మిగిలే ప్రిస్టేన్, ఫైటేన్ అనే అణువులు చక్కగా కనిపించాయి. ప్రిస్టేన్ ఫైటేన్‌కు మూడు రెట్లకు మించి ఉంది, అది నేల మీది చెట్లు గాలి తగిలే చోట పేరుకున్నాయనడానికి గుర్తు. కానీ వాటి పక్కనే 149 మాస్ దగ్గర కొండంత శిఖరం. థాలేట్. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపేది.

ఆ గ్రాఫ్‌ను దాచకుండా కమిటీ ముందు పెట్టాను. ఒక పెద్దాయన కాగితం పైకెత్తి అందరికీ చూపించి, "అమ్మాయీ, ఈ బొగ్గు ఏ కిరాణా షాపుల కొన్నవు?" అన్నారు. గది నిండా నవ్వు. బయట కూర్చున్న జూనియర్లకు కూడా వినిపించింది. తర్వాతి పేజీలో బ్లాంక్ రన్ ఉంది. రాయి లేకుండా ద్రావకాలు మాత్రమే నడిపిన గ్రాఫ్ అది, అందులో 149 లేదు. తప్పు మా ల్యాబ్‌ది కాదని ఆ ఒక్క పేజీ చెప్తుంది. ఎవరూ ఆ పేజీ తిప్పలేదు. పైగా కార్బన్ ఐసోటోప్ అంకెలు (రాయిలో బరువైన కార్బన్, తేలిక కార్బన్ పాళ్ళు) కూడా పనికిరావని తీర్మానించి, మినిట్స్‌లో "శాంపిళ్ళు కలుషితం" అని రాసేశారు. ఆ రాత్రి హాస్టల్‌లో అన్నం దిగలేదు.

ఐసోటోప్ అంకెలను కొట్టేయడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది, ఎందుకంటే అది తప్పు తర్కం. ఆ పరీక్షకు మిల్లీగ్రాము కూడా ఉండని పొడిని తగరపు గుళికలో చుట్టి, వెయ్యి డిగ్రీల వేడిలో కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో 44, 45 మాస్‌ల నిష్పత్తి చూస్తారు. దాన్ని ఒక ప్రామాణికంతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా ఉందో అంకెగా చెప్తారు. ఆ కొలమానం దక్షిణ కరోలినాలోని పీడీ రాళ్ళలో దొరికిన బెలెమ్నైట్ అనే సముద్ర జీవి శిలాజం పేరు మీద ఉంది. బొగ్గులో సగానికి పైగా కార్బనే. అందులో కవరు నుంచి అంటిన మైక్రోగ్రాముల థాలేట్ ఏపాటిది? నా అంకెలు మైనస్ 23 చుట్టూ ఉన్నాయి, గోండ్వానా బొగ్గుకు ఉండాల్సిన చోటే. పెట్రోలియం నుంచి చేసిన ప్లాస్టిక్ కార్బన్ మామూలుగా అంతకంటే ఇంకా మైనస్‌లో ఉంటుంది. అది నిజంగా కలిసి ఉంటే నా అంకెలు అటు జరిగేవి.

ఏడుస్తూ కూర్చోలేదు. ఆ గోదాము కవరునే చిన్న ముక్క కత్తిరించి ద్రావకంలో వేసి నడిపాను. అవే శిఖరాలు, అదే వరుసలో. తర్వాత మిగిలిన కోర్ ముక్కల పై పొరను ఉలితో చెక్కేసి, లోపలి భాగం మాత్రమే ఫాయిల్‌లోకి తీసి, లోపలిదీ బయటిదీ విడివిడిగా పరీక్షించాను. లోపలి దాంట్లో 149 దాదాపు లేదు, ప్రిస్టేన్-ఫైటేన్ నిష్పత్తి మాత్రం మారలేదు. ఐసోటోప్ అంకెలు రెండింటిలోనూ యంత్రం లోపం పరిధిలోనే ఉన్నాయి. ఈ మూడు గ్రాఫులు, నోట్‌బుక్ పేజీ నిన్న బల్ల మీద పెడితే ఆ పెద్దాయన "ఊఁ" అన్నారంతే. నేను చేసిన ఈ లోపల-బయట పరీక్ష మా డిపార్ట్‌మెంట్‌లో ఇంతకు ముందు ఎవరూ చేయలేదు, ఇది గర్వంగానే చెప్తున్నాను.

కొత్తవాళ్ళకు రెండు మాటలు. అనుమతి లెటర్‌లోనే "ఫాయిల్‌లో చుట్టి, గాజు సీసాలో" అని రాయించుకోండి, గేటు దగ్గర బతిమాలితే పని కాదు. ఐసోటోప్ పరీక్షకు ముందు రాయిలోని కార్బొనేట్‌ను యాసిడ్‌తో తీసేయాలి. మన గోండ్వానా షేల్‌లో సిడరైట్ (ఇనుప కార్బొనేట్) ఉంటుంది, చల్లని యాసిడ్ పోసి పొంగు రాలేదని కార్బొనేట్ పోయిందనుకోవద్దు. వేడి చేయాలి, లేకపోతే ఐసోటోప్ అంకె అబద్ధం చెప్తుంది. బ్లాంక్ రన్‌ను రిపోర్టులో మొదటి పేజీలోనే పెట్టండి.

రిపోర్టుకు సరేనన్నారు కానీ, మినిట్స్‌లో ఆ "కలుషితం" అన్న మాట ఇంకా అలాగే ఉంది. దాన్ని సవరించమని సోమవారం దరఖాస్తు ఇస్తున్నాను, బ్లాంక్ రన్‌తో కలిపి నాలుగు గ్రాఫులూ జతచేసి.