వెనక దిమ్మ పట్టినోడిదే రివిట్

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఐటీఐ ఫిట్టర్ చేసి హైదరాబాద్ ఆదిభట్లకి విమానాల అసెంబ్లీ పనికి వెళ్లే కుర్రాళ్ల కళ్లన్నీ రివిట్ గన్ (రేకుల్ని కలిపే లోహపు మేకుల్ని, అంటే రివిట్లని, కొట్టే యంత్రం) మీదే ఉంటాయి. గన్ నొక్కడం త్వరగానే వచ్చేస్తుంది. కష్టమంతా రేకు అవతల బకింగ్ బార్ పట్టినవాడిది. గన్ రివిట్ తలమీద కొడుతుంటే దాని తోక ఆ ఉక్కు దిమ్మకి నలిగి రెండో తల అవుతుంది.

ముందు పొడవు. రేకుల మొత్తం మందానికి రివిట్ వ్యాసం ఒకటిన్నర రెట్లు కలపాలి. 1.6 మి.మీ. రేకులు రెండు, 1/8 అంగుళం రివిట్ అయితే 3.2కి 4.8 కలిపి 8 మి.మీ. అంటే ఏడీ4-5 తియ్యాలి. ఏడీ అంటే రివిట్ లోహం రకం. 4 అంటే అంగుళంలో 32వ వంతులు నాలుగు, వ్యాసం. 5 అంటే 16వ వంతులు ఐదు, పొడవు. తలమీద చిన్న గుంట ఉంటే అది ఏడీ రకమే.

బెజ్జానికి 30 నంబరు డ్రిల్, రేకులు కదలకుండా రాగిరంగు క్లీకోలు (బెజ్జాల్లో తాత్కాలికంగా పెట్టే బిగింపు పిన్నులు). బెజ్జాలయ్యాక రేకులు విడదీసి బర్ (బెజ్జం అంచున లేచిన గరుకు) తీసెయ్యాలి. బద్ధకించి వదిలేస్తే ఆ సందులో రివిట్ ఉబ్బి కూర్చుంటుంది, బిగువు రాదు.

బార్ ఆనాకే గన్ మొదలవ్వాలి, గన్ ఆగాకే బార్ తియ్యాలి. ఈ వరస తప్పితే రేకు సొట్టపడుతుంది. బార్ వాలితే తోక పక్కకి ఒరుగుతుంది. గన్ వాలితే రేకుమీద చంద్రవంకలా గాటు. బార్ సరిగ్గా ఆనిందో లేదో చప్పుడే చెప్పేస్తుంది. బుడితిలో ఇత్తడి కొట్టే చప్పుడు మధ్య పెరిగినవాళ్లకి ఈ తేడా వేరే నేర్పక్కర్లేదు. అయ్యాక రెండో తల వెడల్పు 4.8, ఎత్తు 1.6 మి.మీ. రావాలి. గేజి పెట్టి చూడాలి, కంటి అంచనా వద్దు.

ఇద్దరూ ఒకరికొకరు కనిపించని చోట మాటలన్నీ తట్టుళ్లే: బార్ పట్టినవాడు ఒకసారి తడితే ఇంకా కొట్టు, రెండుసార్లయితే బాగుంది, మూడుసార్లయితే తీసెయ్. వేరే షాపులో వేరే లెక్క ఉండొచ్చు, పని మొదలెట్టేముందే అడిగేసుకోవాలి.

చెడిన రివిట్ తీసేటప్పుడే ఎక్కువ నష్టం. డ్రిల్ తల మందం వరకే దిగాలి. తల విరిచి, వెనక దన్ను పెట్టి, పంచ్‌తో తోకని నెట్టాలి. బెజ్జం కోలగా సాగితే ఒక సైజు పెద్ద రివిట్ వెయ్యొచ్చు గానీ, అది ఇంజనీరింగ్ విభాగం నుంచి అనుమతి కాగితం వచ్చాకే. విమానం లోపల పడ్డ తోక చేతికి దొరికేదాకా ఆ అర మూత వెయ్యకూడదు.