అర్ధరాత్రి సిలబస్ సభ

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినా మా యూనివర్సిటీ నన్ను వదల్లేదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు వారం, అమెరికాలో మా దగ్గర మధ్యాహ్నం 1 గంటకు అధ్యాపకుల ఆన్‌లైన్ సభ. తార్నాకలో మా ఇంట్లో అప్పుడు రాత్రి 12:30. నిద్ర పట్టని నాన్నగారు నా పక్కనే కుర్చీ వేసుకున్నారు.

విషయం జనరల్ ఎడ్యుకేషన్ సవరణ. మా దగ్గర డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే కోర్సులు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు, కావాలి. అందులో 42 క్రెడిట్లకు ఏ శాఖ విద్యార్థి అయినా ఉమ్మడి కోర్సులు చదవాలి: వ్యాసరచన, గణితం, ప్రయోగశాలతో కూడిన సైన్సు, చరిత్ర, ఏదో ఒక కళ. పదో తరగతి కాగానే ఎంపీసీలో చేరి చరిత్ర పుస్తకం మూసేసిన నాకు ఇది మొదట వింతగా తోచింది, తరువాత అసూయ కలిగింది.

ఆ 42ను 36కు తగ్గిస్తారట. అభిప్రాయాలు చెప్పమన్నారు. చరిత్ర శాఖవారు పౌరసత్వం అన్నారు, గణితంవారు తర్కం అన్నారు. అసలు సంగతి వేరు. ఉమ్మడి జాబితాలో ఉన్న కోర్సుకు పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. పిల్లల లెక్కను బట్టే శాఖకు కొత్త పోస్టులు. నేను కెమిస్ట్రీ వాణ్ణి. ప్రయోగశాల లేకుండా శాస్త్రదృష్టి ఎలా అలవడుతుందని నేనూ గట్టిగానే దంచాను.

మైకు ఆపగానే నాన్నగారు అడిగారు: "ఈ కోర్సు పోతే మీ శాఖకు ఎంతమంది తగ్గుతారు?"

ఆయన డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. "జనరల్ ఎడ్యుకేషన్ కావాలని 1948-49లో యూనివర్సిటీ చదువుల మీద వేసిన రాధాకృష్ణన్ కమిషనే చెప్పింది. మాకు సిలబస్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి అచ్చయి వచ్చేది. నీకేం కావాలని నన్ను ఒక్కరూ అడగలేదు. మీరు నయం."

నయమే అనుకుంటూ తెర మీద పేర్లు చూశాను. మొదటి సంవత్సరం వ్యాసరచన తరగతుల్లో ఎక్కువ భాగం మా దగ్గర కోర్సుకింత అని డబ్బు తీసుకునే తాత్కాలిక అధ్యాపకులే చెబుతారు. కొత్త విద్యార్థికి వాక్యం ఎక్కడ తెగుతుందో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. వాళ్లలో ఒక్కరూ సభలో లేరు. మధ్యాహ్నం 1 గంటకు వాళ్లు ఇంకో ఊళ్లో, ఇంకో కాలేజీలో పాఠం చెబుతుంటారు.

"మన పార్ట్‌టైం లెక్చరర్ల లాగేనా?" అన్నారు నాన్నగారు.

"వాళ్ల లాగే."

ఒక సభ సాయంత్రం పెట్టండి, వచ్చినవాళ్లకు ఆ గంటకు డబ్బు ఇవ్వండి అని అప్పటికప్పుడే కమిటీకి రాశాను. భోగి నాడు పొద్దున్నే జవాబు వచ్చింది: సూచన చాలా బాగుందట, పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేస్తారట.

చదివి వినిపిస్తే నాన్నగారు కాఫీ పొలమారేలా నవ్వారు. "ఇది మాత్రం అచ్చం మా యూనివర్సిటీయే."