ఆ గోడ మీద కూర్చోవడం అంత సుఖంగా లేదు

ఉక్రెయిన్ వార్తలు వచ్చినప్పుడల్లా మా బావమరిది ఫోన్ చేసి, "మనవాళ్ళది ఎప్పుడూ గోడమీద పిల్లి వాటమే బావా" అంటాడు. నెహ్రూ దగ్గర్నుంచీ అంతేనట. అప్పుడు కొరియా సంగతి ఎత్తక తప్పదు నాకు.

1950 జూన్‌లో ఉత్తర కొరియా దక్షిణం మీదికి దూకేటప్పటికి మన స్వాతంత్ర్యానికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఉత్తర కొరియా వెనక్కి పోవాలన్న భద్రతా మండలి తీర్మానానికి ఓటేశాం. సైన్యాన్ని మాత్రం పంపలేదు. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ని పంపాం, గాయపడినవాళ్ళకి వైద్యం చేయడానికి.

అక్టోబరు 3న అర్ధరాత్రి దాటాక చైనా ప్రధాని చౌ ఎన్‌లై అక్కడి మన రాయబారి పణిక్కర్‌ని పిలిపించుకున్నాడు. దక్షిణం తరఫున పోరాడుతున్న అమెరికన్లు రెండు కొరియాల హద్దు అయిన 38వ అక్షాంశం దాటితే చైనా ఊరుకోదని చెప్పాడు. మనం ఆ కబురు అందిస్తే వాషింగ్టన్ కొట్టిపారేసింది. పణిక్కర్ మాట నమ్మదగ్గది కాదట! ఆ నెలలోనే చైనా సేనలు దిగాయి.

మరుసటి ఫిబ్రవరిలో చైనాని దురాక్రమణదారుగా ముద్రవేసే తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశాం. ఇక్కడ తిండిగింజలకి కటకట. అమెరికాని 20 లక్షల టన్నులు అడిగి ఉన్నాం. వాళ్ళ కాంగ్రెస్ నెలల తరబడి నాన్చి, మనకి చీవాట్లు పెట్టి, చివరికి జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పు కింద ఇచ్చింది. ఆకలితో ఉండి కూడా ఓటు మార్చుకోకపోవడం పిల్లివాటమైతే, అలాగే అననివ్వండి.

1952లో యుద్ధ ఖైదీల చిక్కు విప్పడానికి ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి కృష్ణ మీనన్ తీర్మానం తెస్తే ఈసారి తిట్టింది రష్యావాళ్ళు. అయినా సంధి కుదిరాక సొంత దేశానికి వెళ్ళబోమన్న 22 వేల మందికి పైగా ఖైదీలకి కాపలా మనకే అప్పజెప్పారు. ఆ పని చూసే తటస్థ దేశాల కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు, కాపలా సైనికులకి మన జనరల్ తోరట్ అధిపతి. మన జవాన్లు తన గడ్డమీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ. దాంతో ఇంచాన్ రేవు నుంచి హెలికాప్టర్లలో తీసుకెళ్ళి సైనికరహిత ప్రాంతంలో దించారు.

అక్కడ గుడారాల్లో ఖైదీని కూర్చోబెట్టి, వాళ్ళ దేశం మనిషి "ఇంటికి రా నాయనా" అని నచ్చజెప్పాలి. బయటికి రెండు దారులు: ఒకటి ఇంటికి, ఒకటి వద్దనడానికి. చాలామంది అరిచి, ఉమ్మేసి, మీదపడబోయేవాళ్ళు. వాళ్ళని ఆపాల్సింది మనవాళ్ళే. ఒకసారి ఖైదీలు మన మేజర్ని లోపల బంధించేస్తే, తోరట్ స్వయంగా ఆ గుంపులోకి వెళ్ళి విడిపించుకొచ్చాడు.

మా బావమరిది హంగేరీ పేరెత్తితే మాత్రం నేను వాదించను. 1956లో అక్కడి తిరుగుబాటుని సోవియట్ సేనలు అణిచేశాక, ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలన్న తీర్మానం వస్తే సోవియట్ పక్షాన చేరి కాదన్నాం. అందులో తటస్థత ఎక్కడుందో నాకూ కనబడదు.