రోహిత్ వికెట్టూ, మా చిన్నోడి వీసా

మా తమ్ముడు చిన్నోడు ఆఫ్ స్పిన్నరు, ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బుకి ఆడ్డానికి వీసా పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బాబాయి మళ్ళీ ఫోన్ చేశారు. "ఆటలాడ్డానిక్కూడా వీసా ఏటమ్మా? ఎల్లి ఆడీసి వచ్చీడమే కదా!" స్పీకర్ ఆన్‌లో ఉంది, చిన్నోడు పక్కనే ఉన్నాడు. డబ్బులిచ్చి ఆడించుకుంటే అది ఉద్యోగమే బాబాయ్, టూరిస్టు వీసా మీద కుదరదు, ముందు అక్కడి క్రికెట్ బోర్డు ఆమోదపత్రం కావాలి, దరఖాస్తు ఆ తర్వాతే అన్నాను. పోయినసారి చెప్పిందే. "మా వియ్యంకుడి కొడుక్కి ఎమ్మెస్సుకి వారంలో వచ్చీసింది మరి!" ఆయన దృష్టిలో వీసా అంటే ఒక్కటే రకం. ఆ చిరాకులో పిన్ని పంపిన కాకరకాయ కారం బ్రహ్మాండంగా ఉందని చెప్పడం కూడా మర్చిపోయాను.

చిన్నోడికి ధైర్యం చెప్పడానికి నా దగ్గరున్నది షోయబ్ బషీర్ కథే. ఇంగ్లండ్ జట్టు ఆఫ్ స్పిన్నరు, అక్కడే పుట్టినవాడు, అప్పటికి ఇరవయ్యేళ్ళ కుర్రాడు, పెద్దవాళ్ళది పాకిస్తాన్. మన వీసా ఫారంలో అమ్మానాన్నలే కాదు, తాతలూ అమ్మమ్మలూ కూడా పాకిస్తాన్ వాళ్ళా అని అడుగుతారు. 2024 జనవరిలో జట్టంతా అబూదాబి నుంచి హైదరాబాద్ వచ్చేస్తే, ఇతను వీసా స్టాంపు కోసం లండన్ తిరిగెళ్ళాడు. ఉప్పల్ టెస్టు ఆడే అవకాశం పోయింది. అప్పటి మన కెప్టెన్ రోహిత్‌ని అడిగితే, బాధగానే ఉంది కానీ వీసా ఆఫీసులో కూర్చునేది నేను కాదుగా అన్నాడు. పది రోజులు తిరక్కుండా, ఫిబ్రవరి 2న, మన వైజాగ్ పీఎం పాలెం స్టేడియంలో బషీర్ తొలి వికెట్ ఎవరంటే ఆ రోహితే! 14 పరుగులకి, లెగ్ స్లిప్‌లో ఇంగ్లండ్ ఫీల్డర్ పోప్ చేతికి. స్టాండంతా గప్‌చుప్. మా చిన్నోడొక్కడే లేచి చప్పట్లు. "నువ్వెవరి పక్కరా?" అన్నాడు వెనకాయన. "ఆఫ్ స్పిన్నర్ల పక్క" అన్నాడు వీడు. సాయంత్రం మన వైజాగ్ కీపర్ భరత్ క్యాచ్ కూడా బషీరే పట్టాడు. అప్పుడు మాత్రం చేతులు కట్టుక్కూర్చున్నాడు, వైజాగ్ అభిమానం.

రాస్తుంటే అనుమానం వస్తోంది, ఇందులో వాడికి ధైర్యమిచ్చేది ఏముందని. బషీర్ కోసం వాళ్ళ కెప్టెన్ స్టోక్స్ గొంతెత్తాడు, బ్రిటన్ ప్రధాని కార్యాలయం మాట్లాడింది. అయినా ఆ టెస్టు ఆగలేదు. వాళ్ళ ఇంకో స్పిన్నరు హార్ట్‌లీ ఒక్క ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 28 పరుగులతో గెలిచింది కూడా. మరి మా వాడి తరఫున అడిగేదెవరు? నేనూ, బాబాయీనా? అక్కడ లీగ్ సీజను ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరుకల్లా అయిపోతుంది. పాస్‌పోర్టు చూస్తే వీసా ఆఫీసు వాళ్ళ దగ్గరే ఉంది, ఈలోగా ఇంకో దేశానికి ప్రయత్నిద్దామన్నా లేదు.

ఎప్పుడొస్తావని క్లబ్బు వాళ్ళ మెయిల్. మే మొదటివారం అని రాసెయ్యరా అన్నాను. "తెలీదనే రాస్తానక్కా, ఇంకో స్పిన్నర్ని చూసుకుంటే చూసుకోనీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఇంకా చల్లారలేదు. మెయిల్ ఇంకా పంపలేదట. పొద్దున్నే వాడు నెట్స్‌కి వెళ్ళేలోగా మరోసారి వాదించాలి.