వాటం ఎటు పెట్టారు?

ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌ల్యాండ్‌లో విమానం దిగేసరికి సన్నటి జల్లు. ఏప్రిల్‌లో ఇక్కడ ఇది మామూలేనని బావ తేలిగ్గా అన్నాడు. ఆ మాట తర్వాత రెండుసార్లు గుర్తు చేశాను.

డాలస్ నుంచి నన్ను పిలిపించింది చక్రాల ఇంటికి నేల కట్టడానికి. అమ్మానాన్నలు వస్తే ఉండేందుకు పెరట్లో చిన్న ఇల్లు ఉండాలని అక్క కోరిక. 2021 నుంచి పోర్ట్‌ల్యాండ్‌లో ఇళ్ల స్థలాల్లో ఇలాంటి వాటిలో కాపురం ఉండనిస్తున్నారు. పెరట్లో పని చేసుకునే జాగా లేక, హుడ్ రివర్ దగ్గర బావ స్నేహితుడి పియర్ తోటలో ఆ ఇంటిని మోసే ట్రైలర్ పెట్టారు.

కొలంబియా నది వెంట ఐ-84 హైవే మీద గంట పైగా ప్రయాణం. దారిలో 620 అడుగుల మల్ట్‌నోమా జలపాతం దగ్గర ఆగి, జనాన్ని చూసి కాఫీతో సరిపెట్టుకున్నాం. తోట చేరేసరికి మాత్రం నోట మాట రాలేదు. వరసలు వరసలుగా తెల్లటి పియర్ పూత, దాని వెనక మంచు కప్పిన హుడ్ పర్వతం, మధ్యలో నల్లటి ఇనుప ట్రైలర్. దిష్టిబొమ్మలా ఉంది పాపం.

నేల కొలత 20 అడుగులు, 8 అడుగులు. ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కాలంటే మొత్తం వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు, అందుకే గోడల మందం దగ్గర కూడా పిసినారితనం. నాలుగు మూలలా జాకీలు ఎత్తి రసమట్టం చూసుకున్నాం. అడుగున జింకు రేకులు పరిచి అతుకులు టేపుతో మూశాం, రోడ్డు మీది నీళ్లు, ఎలుకలు పైకి రాకుండా. దాని మీద టూ బై ఫోర్ కర్రల చట్రం. పేరే టూ బై ఫోర్, కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర! కర్ణాలు రెండూ 21 అడుగుల ఆరున్నర అంగుళాలు రావాలి. ఒకటి ముప్పావు అంగుళం ఎక్కువొచ్చింది. సుత్తితో మూలను తట్టీ తట్టీ మూలమట్టానికి తెచ్చేసరికి సాయంత్రమైంది.

నాన్నకి వీడియో కాల్ చేశాం. తణుకు చుట్టుపక్కల నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసిన మనిషి. ఫోన్ అటూ ఇటూ తిప్పించుకుని చూసి, "అంతా బానే ఉంది గానీ, వాటం ఎటు పెట్టారు?" అన్నారు.

"నీళ్లు పోయేలా వాలు పెట్టడానికి ఇది బాత్రూం కాదు నాన్నా, ఇంటి నేల. మట్టంగానే ఉండాలి."

"కప్పు లేదు కదరా ఇంకా. వానొస్తే?"

"టార్పాలిన్ ఉంది మామయ్యగారూ" అన్నాడు బావ.

రాత్రి ఆ లోయలో గాలి లేచింది. విండ్‌సర్ఫింగ్ ఆటకి పేరున్న ఊరు మరి. పొద్దున్న చూస్తే టార్పాలిన్ కంచె మీద ఉంది, చట్రం గళ్లన్నిటిలో నీళ్లు. రేకుల అతుకులు మేం ఎంత శ్రద్ధగా మూశామంటే చుక్క కిందికి దిగలేదు. పియర్ పూల రెక్కలు తేలుతున్నాయి కూడా. చలి ఆపే ఫోమ్ పలకలు ఇంకా పెట్టకపోవడం ఒక్కటే అదృష్టం.

మగ్గుతో తోడటం మొదలుపెట్టాం. అరగంటకి నడుములు పట్టేశాయి. అప్పుడు వెలిగింది బావకి: "ఇది ఇల్లు కాదురా, బండి! వంచొచ్చు." వెనక జాకీలు రెండూ దించాం. కర్రల కింది సందుల్లోంచి నీళ్లు మెల్లగా వెనక్కి జారాయి. చివరి మూలన రేకుకి డ్రిల్లుతో అరంగుళం బెజ్జం వేయగానే సన్నటి ధార గడ్డిలోకి పడింది.

మళ్లీ మట్టం చేసి, రెండు రోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టి, ఫోమ్ బిగించాం. ప్లైవుడ్ ఐదు షీట్లు సరిగ్గా సరిపోతాయని నేను వేసిన లెక్క కూడా తప్పింది. ఒకదాంట్లో ఒకటి దిగే అంచులు కాబట్టి ఒక్కో షీటుకి అరంగుళం తరిగి, చివర రెండున్నర అంగుళాల సందు మిగిలింది. దానికోసం ఆరో షీటు కొన్నాం.

బయల్దేరేముందు నాన్నకి ఆ నేల మీద నడిచి చూపించాం. "ఆ బెజ్జం మూసేశారా?"

బావ అప్పటికే చేతిలో సీలెంట్ గొట్టం పట్టుకుని ఉన్నాడు. మెల్లగా కింద పెట్టాడు.

"ఉండనీండి అల్లుడుగారూ. ఎలకలు దూరకుండా కింద ఇనుప జాలీ కొట్టండి చాలు."