గ్లేజ్ ఆగిన చోటు

సిరామిక్స్ చదువు రెండో సంవత్సరంలో నేను చేసిన కూజా ఒకటి కిల్న్ (మట్టిపాత్రలు కాల్చే కొలిమి) షెల్ఫ్‌కు అతుక్కుపోయింది. నా కూజా ఒక్కటే అయితే అంత బాధపడేదాన్ని కాదు. దాని మీది గ్లేజ్, అంటే కాల్చినప్పుడు కరిగి గాజులా మారే పూత, కారి, షెల్ఫ్ మీద పారి, పక్కనున్న సీనియర్ అక్క వేజ్ అడుగును కూడా పట్టుకుంది. ఆ వేజ్ తన చివరి ఏడాది ప్రదర్శన కోసం వారాల తరబడి కూర్చుని చేసుకున్న సెట్‌లోది. విడదీయబోతే అడుగు పెళ్లగా ఊడి వచ్చింది.

నాకు ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం నా కూజా భుజాన్నే చూస్తూ నిలబడింది. అక్కడ ముదురు గోధుమ రంగు మీద నుంచి పాలనీలం, దువ్వెనతో దువ్వినట్టు సన్నటి చారలుగా కిందికి జారింది. "రంగు చాలా బాగా వచ్చిందే. దీన్ని వదిలిపెట్టకు" అంది. తన వేజ్ గురించి ఆ రోజు కాదు కదా, తర్వాత కూడా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మా సిరామిక్స్ డిపార్ట్‌మెంట్ గురించి రాయమని అడిగితే ముందుగా రాయాల్సింది ఈ మాటే అనిపించింది.

మాస్టారు వచ్చి షెల్ఫ్ చూశారు. కోప్పడలేదు. "అమ్మాయ్, ఇది పారాలని అనుకున్నావు, పారింది. ఎక్కడ ఆగాలో అనుకున్నావా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు మధ్యాహ్నాలు కళ్లద్దాలు, మాస్క్ పెట్టుకుని ఆ షెల్ఫ్ మీది గాజును గ్రైండర్‌తో అరగదీశాను. మాస్టారు ప్రశ్నకు జవాబు వెతకడం ఆ రెండు రోజుల్లోనే మొదలుపెట్టాను.

నేను వాడినవి రెండు గ్లేజ్‌లు. అడుగున ఐరన్ ఆక్సైడ్ ఎక్కువున్న ముదురు గ్లేజ్, దాని మీద రూటైల్ (టైటానియం ఉన్న ఖనిజం) కలిపిన తెల్ల గ్లేజ్. విడివిడిగా టైల్స్ మీద కాల్చి చూసినప్పుడు రెండూ వేసిన చోటే కదలకుండా ఉన్నాయి. ఆ ధైర్యంతోనే కూజా మొత్తాన్ని ఒకదాని తర్వాత ఒకదానిలో ముంచేశాను. రెండూ కలిసే చోట మూడో గ్లేజ్ తయారవుతుందని నాకప్పటికి తెలియదు. మాస్టారు బోర్డు మీద మూడు అంకెలు వేసి చూపించారు. గ్లేజ్‌లో గాజుగా మారే సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. అల్యూమినాకు 2,000 పైన కావాలి. సున్నానికి ఇంకా ఎక్కువ, 2,500 పైమాటే. అదే మూడూ సరైన పాళ్లలో కలిస్తే 1,170 డిగ్రీల దగ్గరే కరుగుతాయి! మేం కాల్చేది కోన్ 6 అనే వేడి స్థాయికి, అంటే సుమారు 1,220 డిగ్రీలకు. నా రెండు గ్లేజ్‌ల సరిహద్దులో జరిగింది ఇలాంటిదే. ఒకదానిలోని ఇనుము, ఇంకోదానిలోని బోరాన్, సున్నం కలిసి, విడిగా ఏదీ పారనంతగా పారాయి.

మరి ఆపేది ఏది? ముఖ్యంగా అల్యూమినా. గ్లేజ్‌లోకి అది చైనా క్లే (తెల్ల బంకమట్టి), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ద్వారా వస్తుంది. చైనా క్లే కొంచెం పెంచితే కరిగిన గ్లేజ్ చిక్కబడి గోడను పట్టుకుని ఉంటుంది. మరీ పెంచితే చారలు రావు, మెరుపు కూడా పోతుంది. అందుకని మాస్టారు గ్లేజ్‌ను మార్చడం కంటే దాన్ని వేసే పద్ధతిని మార్చమనేవారు. రెండు పూతలు పాత్ర పై మూడో వంతులోనే. కింద సగానికి కదలని గ్లేజ్ ఒకే పూత. అడుగున బొటనవేలి వెడల్పున గ్లేజ్ అంటకుండా వ్యాక్స్ (మైనం) రాసి, ఏ పూతా లేకుండా వదిలేయాలి. ఈ పద్ధతిలో పైనుంచి వచ్చిన ప్రవాహం కిందికి వచ్చేకొద్దీ చిక్కటి గ్లేజ్‌ను కలుపుకుంటూ నెమ్మదిస్తుంది.

మందం విషయంలో ఆయన చాలా పట్టుదల మనిషి. బకెట్‌లో చెయ్యి ముంచి "సరిపోయిందండీ" అంటే ఒప్పుకునేవారు కాదు. 100 మిల్లీలీటర్ల గ్లేజ్ తూకం వేయించేవారు. 145 గ్రాముల దగ్గర ఉంటే మూడు సెకన్లు ముంచాలి. 150 దాటితే నీళ్లు కలపాలి. ఒకే బకెట్ పొద్దున ఒకలా, నీళ్లు ఆవిరైపోయాక సాయంత్రం ఇంకోలా ఉంటుందని నేను కళ్లారా చూశాను. నా కూజాను ముంచింది సాయంత్రమే.

టెస్ట్ టైల్‌ను పడుకోబెట్టి కాల్చడం మా గ్లేజ్ రూమ్‌లో నిషేధం. పడుకున్న టైల్ మీద గ్లేజ్ రంగు తెలుస్తుంది కానీ నడక తెలియదు. అందుకే టైల్‌ను కాళ్ల మీద నిలబెట్టి, కింద మట్టితో చేసిన చిన్న పళ్లెం పెట్టేవాళ్లం. టైల్ మీద అడ్డంగా రెండు గీతలు గీసేవాళ్లం. పారే గ్లేజ్ గీతలో నిండి, కాసేపు ఆగి, అక్కడ చిక్కటి పట్టీలా మిగులుతుంది. అంచు మీద పల్చబడి కింది ఇనుము రంగు బయటపడుతుంది. రంగుల కలయిక అందంగా రావాలంటే గ్లేజ్ ఎంత ముఖ్యమో పాత్ర ఆకారం కూడా అంత ముఖ్యమని నా నమ్మకం. నున్నటి నిలువు గోడ మీద ఎంత మంచి జోడీ అయినా చప్పగానే ఉంటుంది.

సాంగ్ రాజవంశ కాలపు జియాన్ టీ గిన్నెల ఫొటోలు మాకు మొదట చూపించింది ఆయనే. చైనాలోని ఫుజియాన్‌లో చేసిన, ఇనుము నిండిన నల్ల గ్లేజ్ గిన్నెలవి. కుందేలు బొచ్చులాంటి చారలను మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, ఆయన వేలు మాత్రం గిన్నె అడుగు మీద పెట్టారు. అక్కడ గ్లేజ్ లావుపాటి మడతగా చేరి, ఒక చుక్క జారబోయి, పీఠానికి కాస్త పైన గట్టిపడిపోయింది. చాలా ఏళ్లకు ఒక మ్యూజియంలో అలాంటి గిన్నెను చూసినప్పుడు నేనూ మోకాళ్ల మీద కూర్చుని ముందు ఆ చుక్కనే వెతికాను.

ఇంకో సంగతి నాకు చాలా టెన్షన్ పెట్టింది. అదే బకెట్, అదే మందం, అదే కోన్. పెద్ద కిల్న్‌లో నీలంగా వచ్చిన జోడీ చిన్న టెస్ట్ కిల్న్‌లో మట్టి రంగులో వచ్చేది. కొలతల్లో తప్పు చేశానేమోనని నాలుగుసార్లు మళ్లీ తూచాను. తేడా చల్లారడంలో ఉంది. ఆ నీలానికి నీలం రంగు పొడి ఏదీ ఉండదు. కరిగిన గాజు చల్లారేటప్పుడు, నీళ్లలో నూనె చుక్కలు విడిపోయినట్టు, ఒక గాజులో ఇంకో రకం గాజు అతి చిన్న బిందువులుగా విడిపోతుంది. అవి వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. సాంగ్ కాలం నాటి జున్ అనే చైనా పాత్రల నీలం వెనుక ఉన్నదీ ఇదే. బిందువులు విడిపోవడానికి సమయం కావాలి. పల్చటి గోడల చిన్న కిల్న్ ఆ సమయం ఇవ్వకుండా గబగబా చల్లారిపోయేది. అప్పటి నుంచి కోన్ 6 చేరాక 1,150 దగ్గరకు దించి అరగంట నిలిపి, ఆ పైన 760 వరకు గంటకు 80 డిగ్రీల చొప్పున దించడం మొదలుపెట్టాం. నీలం తిరిగొచ్చింది. ఆ అరగంటలో గ్లేజ్ మీది సూది బెజ్జాలు కూడా చాలావరకు పూడిపోయేవి. ఆ రోజు గ్లేజ్ రూమ్‌లో మేమంతా చేతులు పట్టుకుని గంతులేశాం.

చివరి సంవత్సరం నేను అదే కూజాను మళ్లీ చేశాను. భుజం కింద ఒక గాడి, నడుము దగ్గర ఇంకోటి. పై మూడో వంతులోనే రెండు పూతలు. కిల్న్ తెరిచేసరికి నీలం మొదటి గాడిలో నిండి, అక్కడి నుంచి మూడు నాలుగు చారలుగా జారి, రెండో గాడి దగ్గర ఆగిపోయి ఉంది. మాస్టారు కూజాను తిరగేసి శుభ్రంగా ఉన్న అడుగును చూసి, తిరిగి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు తెలిసింది" అన్నారు. దాన్ని సీనియర్ అక్కకు పంపాను. ఇప్పటికీ తన దగ్గరే ఉంది.

కొత్త జోడీ దొరికితే ఇవాళ్టికీ ముందు టైల్‌నే నిలబెడతాను. పోయిన వారం ఒకటి కాల్చాను. పై పూత అంచు నుంచి మూడు సెంటీమీటర్లు జారి, రెండో గీత దాటి, పళ్లానికి నాలుగు మిల్లీమీటర్ల పైన ఆగింది. వెనక పెన్సిల్‌తో నంబరు, మందం, ముంచిన సెకన్లు, చల్లార్చిన పద్ధతి రాసి మేకుకు తగిలించాను.