తొట్టి ముందు, తాబేలు తర్వాత

"నాన్నా, దీనికి ఎండ ఎట్టా తగులుతుంది?"

మా పాప అడిగితే షాపతను డబ్బాని అటూ ఇటూ తిప్పాడు కానీ జవాబు చెప్పలేదు. అరచేతిలో సగం కూడా లేని తాబేలు, కంటి వెనక ఎర్రటి గీత. రెండు వేళ్ల లోతు నీళ్లు, ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. పాపం, గోడని గోకుతూనే ఉంది.

"నక్షత్ర తాబేలు కావాలంటే తెప్పిస్తా సార్" అన్నాడు మెల్లగా. వద్దన్నాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడం నేరం. చిట్టడవుల్లో తిరగాల్సిన జీవి అది.

ఈ ఎర్రచెవి తాబేలేమో దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఈదడానికి నీళ్లు, ఎక్కి ఆరడానికి రాయి, నేరుగా ఎండ కావాలి. అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు, డిప్ప మెత్తబడుతుంది. మన నెల్లూరు ఎండలకి నీడా ఉండాల్సిందే.

పెద్దదయ్యాక చెరువులో వదిలేసేవాళ్లంటే నాకు కోపం. అది అమెరికా జాతి, మన తాబేళ్ల తిండీ చోటూ లాగేసుకుంటుంది.

అందుకే ఇవాళ కొనలేదు. పాప ఏడవలేదు. ఇంటికొచ్చి నిమ్మచెట్టు పక్కన, సగం ఎండ సగం నీడ పడేచోట, పుల్లతో తొట్టి కొలత గీసింది. పిల్లులు, కాకులు రాకుండా పైన వల కడదామంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలని నేను చెప్పాను.

నెల్లూరులో తాబేళ్లకి వైద్యం తెలిసిన పశువుల డాక్టర్ ఎవరైనా ఉంటే చెప్పండి. కొనకముందే కలవాలి.